కింది చేను పొగ

ఫిబ్రవరి 12, గురువారం

ఏడాది తర్వాత ఈ డైరీ తెరిచాను. నా భార్య అఖిలకు కూడా చెప్పలేనిది ఒకటి జరిగింది.

మధ్యాహ్నం మూడింటికి అన్నం ముందు కూర్చున్నాను. నూరుల్లా సాబ్ ఫోన్. "రాజేందర్, దొరికిందా మన రాయి?" అన్నారు. రాత్రి డ్యూటీ చేసి పడుకుని లేచినవాణ్ణి, "అది రేపు పొద్దున కదా సాబ్" అనబోయి ఆగాను. "డేటా చూసి చెప్తా" అని పెట్టేశాను. కంచం అలాగే వదిలి బోధన్ నుంచి గుట్ట మీది అబ్జర్వేటరీకి బండి తోలాను.

సాబ్ పంపిన ఫారంలో స్పష్టంగానే ఉంది. ఫిబ్రవరి 11, విశ్వ సమయం 22 గంటల 47 నిమిషాలు. మన టైముకు మార్చాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. పన్నెండో తారీఖు తెల్లవారుజాము 4.17. కలపడం సరిగానే కలిపాను. కానీ అబ్జర్వేటరీలో రాత్రికి పేరు సాయంత్రం తారీఖుతో ఉంటుంది. పన్నెండు తెల్లవారుజాము పదకొండో రాత్రి ప్లాను పేజీలోకి రావాలి. నేను పన్నెండో రాత్రి పేజీలో వేశాను. ఆరేళ్ళుగా కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ సంగతి నేనే చెప్తున్నాను, అదీ కొంచెం ఎటకారంగా.

ఒక గ్రహశకలం ఒక నక్షత్రానికి అడ్డం పోతుంది, నక్షత్రం నాలుగు సెకన్లు ఆరిపోతుంది. అంతే పని. మళ్ళీ ఆ రాయి ఆ నక్షత్రానికి మన జన్మలో అడ్డం రాదు. నూరుల్లా సాబ్ నిజామాబాదులో రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. నాలుగు ఊళ్ళ నుంచి ఆ నాలుగు సెకన్లను పట్టి, రాయి ఆకారం గీయాలని ఏడాదిగా తిప్పలు పడుతున్నారు. మిగతా మూడు చోట్లా చిన్న టెలిస్కోపులు. ఒక్కో చోటు రాయికి అడ్డంగా ఒక్కో గీత ఇస్తుంది, నడిమి గీత మాది.

4.17కి నేను కింద గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఆ రాత్రి పనుల లిస్టు అయిపోయిందని 3.05కే టెలిస్కోపు గుమ్మటం మూశాను. ఆకాశం కడిగినట్టుంది.

సాయంత్రం, అదే రోజు

సర్వీసు రిక్వెస్టంటే ఇదీ. వాళ్ళు ఇంట్లో కూర్చుని ఫారం పంపుతారు, వాళ్ళ తరఫున మేం చూసి పెడతాం. చివరకు దానికి ఒక ముగింపు కోడ్ ఇవ్వాలి. ఒకటి, పూర్తి. రెండు, వాతావరణం. మూడు, యంత్రం. నాలుగు, మా పొరపాటు. నేను చేరాక నాలుగోది ఎవరూ వాడలేదు. అది నొక్కితే యూనివర్సిటీకి ఉత్తరం పోతుంది, డ్యూటీవాడి కాంట్రాక్టు మళ్ళీ చూస్తారు. ఏప్రిల్‌లో పర్మినెంటు లిస్టు ఉంది. నా పేరు రెండోది.

రెండు నొక్కాను.

మబ్బు అని రాస్తే మబ్బు యంత్రం రికార్డు అడుగుతారు. పొగకు యంత్రం లేదు, చూసినవాడి కన్నే సాక్ష్యం. చెరుకు కోతల కాలం, రుద్రూర్ నుంచి బోధన్ దాకా రోజూ ఎవరో ఒకరు ఆకు కాలుస్తూనే ఉంటారు. పొగ అని పెట్టాను. ఎక్కడి నుంచి అని కంప్యూటర్ అడిగింది. 'దూరం' అంటే ఉపగ్రహం బొమ్మ జత చేయాలి. 'తెలియదు' అంటే ఫోటో పెట్టాలి. 'కింది చేను' అంటే ఏమీ పెట్టనక్కర్లేదు.

కింది చేను. ఉత్తరం గట్టు నుంచి పొగ. 3.05కి గుమ్మటం మూయవలసి వచ్చింది.

ఎవరికీ నష్టం లేదు. రాయి ఎలాగూ పోయింది.

ఫిబ్రవరి 13

నూరుల్లా సాబ్ మెయిల్ పంపారు. పొగ మీద మనకేం హక్కుంది, నువ్వు రాత్రంతా మేలుకున్నావు, అదే చాలు అని రాశారు. మూడు గీతలతోనే ఏదో ఒక ఆకారం గీస్తారట.

రాత్రంతా మేలుకున్నావు అన్న ముక్క రాయకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 14

గుమ్మటం తెరవగానే పొగ వాసన. మెట్లు దిగి చుట్టూ చూశాను. ఎక్కడా నిప్పు లేదు. మంచిదే. ఈ రోజుల్లో ఇక్కడ పొగ ఉంటుందనడానికి ఇదే రుజువు. ఆ రాత్రి కూడా ఉండే ఉంటుంది, నేను గమనించి ఉండను.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. అఖిల పోదామంటే కందకుర్తి వెళ్ళాం. గోదావరిలో మూడు మునకలు వేసి లేచేసరికి తడి జుట్టులోంచి కాలిన చెరుకు ఆకు వాసన. "నీకొస్తుందా?" అని అడిగాను. "ఏం వాసన? నాకు అగరొత్తులు తప్ప ఏం వస్తలేదు" అంది.

ఫిబ్రవరి 17

భానుప్రసాద్ సార్ పిలిచారు. మా ఇన్‌ఛార్జి. మంచి మనిషి, కాయితం మీద ఉన్నదాన్ని నమ్మే మనిషి. ముందర ఆ రాత్రి నేను రాసిన డ్యూటీ లాగ్ ప్రింటు ఉంది. 'కింది చేను' అని పెడితే ఒక కాపీ భూముల సెక్షన్‌కు పోతుందట.

పోతుందని నాకు గుర్తు లేదు.

కింది చేను అంటే హన్మవ్వ చేను. గుట్ట కింద రెండున్నర ఎకరాలు. భూమి యూనివర్సిటీది, పన్నెండేళ్ళుగా ఆమెకు కౌలు. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ చేసేవాళ్ళు, ఇప్పుడు ఒక్కతే. షరతు ఒకటే. ఏ రోజుల్లో నిప్పు పెట్టకూడదో నెలకోసారి లిస్టు ఇస్తాం, ఆ రోజుల్లో పెడితే కౌలు రద్దు. ఆ లిస్టు ఇచ్చి వచ్చేవాణ్ణి నేనే. పోయినప్పుడల్లా ఒక చెరుకు గడ విరిచి చేతిలో పెడుతుంది.

"పన్నెండేండ్లల్ల వద్దన్న నాడు ఒక్కసారి గూడ కాల్చలే గదా ఆమె" అన్నారు సార్. "పక్కాగ చూసినవా?"

"చూసిన సార్."

ఇది రాస్తుంటే తెలుస్తోంది. కాపీ పోతుందని నాకు గుర్తుంది. ఆ తెర మీద కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, వందసార్లు చూశాను.

ఫిబ్రవరి 18

హన్మవ్వ గుట్టెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో నూటపది మెట్లు. చేతిలో మా లిస్టు, గోడకు అంటించినదాన్ని పీక్కుని వచ్చింది, మూలలకు సున్నం అంటుకుని ఉంది.

"నేను తొమ్మిది నాడే కాల్చిన బిడ్డా. గీ పదకొండు, పన్నెండుకు నువ్వే ఎర్రగ సున్న సుట్టిచ్చినవ్. గా దినాలల్ల నేను బీడీ గూడ గట్టు మీద తాగలే."

"సార్‌తోటి మాట్లాడవ్వా" అన్నాను.

"సారేమంటడు? నువ్వు రాసిందే సూస్తడు. నువ్వేం సూసినవో నాకు జెర చెప్పు. ఎక్కడ సూసినవ్?"

"ఉత్తరం గట్టు దిక్కు."

కిటికీలోంచి తన చేను వైపు చూసింది. కోసిన మోళ్ళ నుంచి పిలకలు వచ్చాయి, జానెడు పచ్చగా. నిజాంసాగర్ నీళ్ళు వదిలితే మొదటి తడి పెట్టాలని చెప్పింది.

ఫిబ్రవరి 19

వాసన.

ఫిబ్రవరి 20

వాసన. అఖిల నా చొక్కాలన్నీ మళ్ళీ ఉతికింది.

ఫిబ్రవరి 21, శనివారం

ఈరోజు జరిగింది పూర్తిగా రాస్తాను. రాయకపోతే రేపటికి నా మనసు దీన్ని కూడా సర్దేస్తుంది.

భానుప్రసాద్ సార్ హన్మవ్వను కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పారు. కాల్చినట్టు ఒప్పుకుని రాసిస్తే ఈసారికి హెచ్చరికతో పోతుంది, కౌలు ఉంటుంది. ఒప్పుకోకపోతే విచారణ. విచారణలో లాగ్ ఉంది, చూసిన మనిషి ఉన్నాడు.

"కాల్చకున్నా కాల్చిన్నని చెప్పాల్నా సార్?"

"చెప్పుమని నేను అంటలేనమ్మా. నీ ఇష్టం."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. అదే నాకు దిక్కు తోచకుండా చేసింది. బజారులో తోవ అడిగినట్టు అడిగింది.

"నువ్వు నిజంగ సూసినవా బిడ్డా పొగను?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. తలుపు తీసే ఉంది. సార్ ఉన్నారు, ఆమె ఉంది. ఒక్క మాట. నా కళ్ళ ముందు ఏప్రిల్ లిస్టు వచ్చింది, రెండో పేరు.

"చూసిన అవ్వా."

"గట్లయితే ఉండొచ్చు. నువ్వు అబద్ధమెందుకు చెప్తవ్. తొమ్మిదినాటి నిప్పు లోపల్లోపల ఉండిపోయిందేమో. లేకుంటే నేనే... ఈ నడుమ మతి సక్కగ ఉంటలేదు. మొన్న మోటర్ బంద్ చేసుడు మర్సిపోయిన."

ఆమెకు రాయడం రాదు. సార్ నన్ను రాయమన్నారు. "వివరంగ రాయి, ఏదో పైపైన రాస్తే పైవాళ్ళు మళ్ళ అడుగుతరు." నేను రాశాను. పదకొండో తేదీ రాత్రి ఉత్తరం గట్టు దగ్గర చెరుకు ఆకుకు నేనే నిప్పు పెట్టాను, తేదీ గుర్తు లేక పెట్టాను, ఇకముందు పెట్టను. చదువురాని వాళ్ళ కాయితం రెండుసార్లు చదివి వినిపించాలని మా నియమం. రెండుసార్లు చదివాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. నిప్పు అన్నచోట రెండుసార్లూ తల ఊపింది. తర్వాత వేలిముద్ర వేసింది.

వెళ్తూ, "నీ రాత మంచిగుంటది బిడ్డా. నాకు కళ్ళకు కట్టినట్టు కనబడ్డది" అంది.

ఫిబ్రవరి 22

ఆలోచిస్తే ఇది అందరికీ మంచిదే. ఆమెకు కౌలు ఉంది. నాకు ఉద్యోగం ఉంది. సాబ్‌కు మూడు గీతలున్నాయి. హెచ్చరిక ఒక కాయితం, ఫైల్లో పడి ఉంటుంది.

ఈరోజు వాసన లేదు.

ఫిబ్రవరి 26

ఉంది.

మార్చి 2, సోమవారం

యూనివర్సిటీ నుంచి ఉత్తరం. హెచ్చరికతో వదిలే అధికారం ఇన్‌ఛార్జికి లేదట. కౌలుదారు స్వయంగా రాతపూర్వకంగా ఒప్పుకున్నందున విచారణ అవసరం లేదు. కౌలు రద్దు. ఈ నెల 31లోగా చేను ఖాళీ చేయాలి. నిలిచి ఉన్న పంట మీద హక్కు లేదు.

సార్ ఉత్తరం మూడుసార్లు చదివి బల్ల మీద బోర్లించారు. "నేను మంచికే చేసిన రాజేందర్" అన్నారు. ఆయన నిజంగానే మంచికే చేశారు. ఆ ముక్క నేను అనలేను.

ఒప్పుకోకపోయి ఉంటే కనీసం విచారణ జరిగేది. ఎవరైనా పదకొండో రాత్రి ప్లాను తెరిచి చూసేవాళ్ళు. నూరుల్లా సాబ్ రిక్వెస్టు ఆ పేజీలో లేనే లేదని ఒక్క నిమిషంలో తేలేది. 3.02కి తీసిన చివరి ఫోటోలో నక్షత్రాలు సూదిమొనల్లా ఉన్నాయి. పొగ ఉంటే అలా ఉండవు. అన్నీ డిస్కులోనే ఉన్నాయి. నా మాట ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

మార్చి 3

లాగ్‌ను డ్యూటీవాడు ముప్పై రోజుల్లోగా సవరించుకోవచ్చు. తర్వాత తాళం పడుతుంది. మార్చి 14.

మార్చి 5

నిన్న రాత్రి డ్యూటీలో ఐదు రిక్వెస్టులు పూర్తి చేశాను. అన్నిటికీ ఒకటో కోడ్. ఒక్కోదానికి తారీఖు నాలుగుసార్లు సరిచూసుకున్నాను. మధ్యలో పొగ వచ్చిందనుకుని రెండుసార్లు గుమ్మటం మూశాను. మూసి బయటికి పోయి చూస్తే ఏమీ లేదు.

మార్చి 9

రుద్రూర్ దారిలో హన్మవ్వ కనబడింది. బండి ఆపాను. ఆపకుండా పోదామనుకున్నాను, తనే చెయ్యెత్తింది. చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"గిదేంది అవ్వా?"

"పొయ్యి కాడ కాలింది. నిప్పు ఆరిందా లేదా అని సేయి పెట్టి సూసుకుంట. కండ్లతోని సూస్తే నమ్మకం అయితలేదు."

ఆ రాత్రి ఏం చేసిందో గుర్తు తెచ్చుకుంటోందట. రోజూ కొంచెం కొంచెం గుర్తొస్తోందట.

ఇంటికి వచ్చి అఖిలకు అంతా చెప్పాను. చేతిలో ఉన్న నా చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. తర్వాత, "నాకు చెప్పినవ్ సరే. నేనేమన్నా కోడ్ నొక్కుతనా?" అంది.

మార్చి 10

రేపు.

మార్చి 11

రేపు తప్పకుండా. ఇద్దరు పిల్లలు, ఇల్లు కిరాయిది. అయినా రేపు.

మార్చి 12, గురువారం

సాయంత్రం ఐదింటికి సవరణ ఫారం తెరిచాను. పాత కోడ్ రెండు, కొత్త కోడ్ నాలుగు. కారణం అన్నచోట ఇలా రాశాను. "రిక్వెస్టును తప్పు రాత్రిలో వేశాను. ఆ సమయానికి నిద్రలో ఉన్నాను. పొగ లేదు. కింది చేనులో నిప్పు లేదు." పదకొండో రాత్రి ప్లాను, 3.02 ఫోటో జత చేశాను. పంపేముందు పేరు మరోసారి టైపు చేయమంది. చేశాను.

నెల రోజులు మోసినదానికి పట్టింది పది నిమిషాలు. సిగ్గేసింది.

మార్చి 13

భానుప్రసాద్ సార్ తిట్టలేదు. ప్లాను చూశారు, ఫోటో చూశారు.

"రాత్రికి సాయంత్రం తారీఖు పేరని నాకు నేర్పింది నువ్వే గదయ్యా" అన్నారు.

అంతే. తర్వాత ఆయన రెండు ఉత్తరాలు రాశారు. ఒకటి భూముల సెక్షన్‌కు, కౌలు రద్దు ఆపమని. నా మీద ఒకటి, నాకే కాపీ. నెలాఖరు వరకు డ్యూటీ లేదు, ఆ తర్వాత కాంట్రాక్టు లేదు. పొద్దుగూకాక నూరుల్లా సాబ్‌కు ఫోన్ చేశాను. ఇఫ్తార్ ముగించి తీశారు. చెప్పాను. ఆయన వైపు చెంచా చప్పుడు ఆగిపోయింది.

"బొమ్మల నీ గీత ఉండాల్సిన కాడ 'పొగ' అని రాసిన. అందరికీ పంపిన. ఇప్పుడు గాడ ఏం రాయాలె, నువ్వే చెప్పు బేటా."

ఆయనే ఖుదా హాఫిజ్ అని పెట్టేశారు.

మార్చి 16, సోమవారం

పొద్దున యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. కౌలు రద్దు ఉపసంహరించారు. సార్ ఒక ప్రింటు నా చేతికిచ్చి, "నువ్వే పోయి ఇయ్యి" అన్నారు. ఆ మాట న్యాయమే.

హన్మవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. చేనులో పిలకలు వాడిపోయి ఉన్నాయి. కాలువకు నీళ్ళు వచ్చి నాలుగు రోజులైంది, తడి పెట్టలేదు. నేను నిలబడే చెప్పాను. మొత్తం, మొదటి నుంచి. తారీఖు తప్పు, నిద్ర, పొగ లేదు, నేనే రాశాను, నీ చేత ఒప్పించాను. చేను నీదేనవ్వా అని కాయితం చేతిలో పెట్టాను. తిడుతుందని, మట్టి తీసి కొడుతుందని సిద్ధపడే పోయాను.

ఆమె కాయితం తిప్పి చూసింది. తర్వాత నా మీద జాలిపడింది.

"నా కోసమని నౌకరి పోగొట్టుకున్నవా బిడ్డా?"

"నీ కోసం కాదవ్వా. నిజమే అది. నువ్వు కాల్చలే."

"కాల్చిన. నాకు మంచిగ యాదికున్నది. ఆయన పోయినంక నాకు రాత్రి నిద్ర పట్టదు గదా. లేసి పోయిన. ఆకు దగ్గరికి గుంజిన. కాళ్ళకు ఏడి తగిలితే రెండడుగులు ఎనక్కి జరిగిన. చెప్పు ఒకటి గాడనే ఉండిపోయింది. మల్ల తెల్లారి దొరికింది."

చెప్పు గురించి నేనెక్కడా రాయలేదు. లాగ్‌లో లేదు, ఒప్పుకోలులో లేదు. అది ఆమె సొంతం.

"అవ్వా, నేనాడ లేను. నేను పడుకున్న. నాకు పొగ కనబడలే."

"పడుకున్నోనికి ఎట్ల కనబడ్తది?" అంది, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "నువ్వు పడుకున్నవ్, నేను కాల్చిన. రెండూ అయి ఉంటయి."

ప్లాను గురించి చెప్పాను. ఫోటో గురించి చెప్పాను, ఫోన్లో చూపించాను. నల్లటి తెర మీద తెల్ల చుక్కలు. ఆమె మర్యాదకు చూసింది. పక్క చేను దేవన్న అప్పుడే ట్రాక్టరు తోలుకుంటూ వచ్చి గట్టు మీద ఆపాడు. ఎలాగూ ఖాళీ చేయాలి కదా అని చేను అతనికి అప్పజెబుతానని ఆమె నిన్ననే మాట ఇచ్చిందట. రేపు దున్నేస్తాడు.

"నాకే తెల్వకుండ ఒకసారి నిప్పు పెట్టినదాన్ని, మల్ల పెట్టనని ఏం నమ్మకం? రేపు ఊరికి అంటుకుంటే? నాకు నా మీదనే నమ్మకం లేదు బిడ్డా. చేను వద్దు."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఆమె గుడ్డ చుట్టిన చేత్తో నా తల నిమిరింది. కాసేపాగి లోపలికి పోయి, పిల్లల పాత నోటుబుక్కు లాంటిది ఒకటి తెచ్చి ఒక తెల్ల పేజీ తెరిచింది. వేలిముద్ర సిరా డబ్బా కూడా తెచ్చింది, ఎప్పుడు కొనిపెట్టుకుందో.

"నా ఇష్టంతోనే చేను ఇడ్సిపెడ్తున్న అని రాయి. నీ రాత మంచిగుంటది. రెండుసార్లు సదువు, నేను ఇంట."

"పెన్ను లేదవ్వా" అన్నాను.

ఆమె నా చొక్కా జేబులోని పెన్ను వైపు చూసింది. నోటుబుక్కు నా ఒళ్ళో పెట్టింది.